రంజన్ నీళ్ళలో నక్షత్ర పాలిమర్

పంతొమ్మిది వందల తొంభై మూడు, మే నెల. మంచిర్యాలలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌కు నేను ఇన్‌చార్జిని. పరీక్షలు అయిపోయి పిల్లలంతా ఇళ్ళకు పోయారు. సెలవుల్లో ల్యాబ్ తాళం తీసేది ముగ్గురి కోసమే. స్టాకు చూసుకోవడానికి నేను, ఊడ్చి తుడవడానికి అటెండర్ పోశం, పరిశోధన చేసుకోవడానికి సుగుణ. మా ల్యాబ్‌కు సిమెంటు రేకుల కప్పు. పొద్దెక్కితే బల్ల మీద చెయ్యి ఆనేది కాదు. మీద ట్యాంకు నుంచి వచ్చే నల్లా నీళ్ళు మధ్యాహ్నానికి కాచినట్టు వచ్చేవి, వాటితో చేతులు కడుక్కోవడం కూడా కష్టమే. ఈ వేడినీళ్ళను పాఠకులు గుర్తుంచుకోవాలి, జరిగినదంతా వాటి చుట్టూ తిరుగుతుంది.

సుగుణ మా డిపార్ట్‌మెంటులో అందరికంటే చిన్నది. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. పాఠాలు చెప్పుకుంటూనే యూనివర్సిటీలో పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకుంది. వాళ్ళు గడువు ఒకసారి పెంచారు. ఆ వానాకాలం లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని ఖరాఖండిగా చెప్పారు. పీహెచ్‌డీ లేకపోతే పర్మనెంట్ పోస్టుకు ఆమె పేరెత్తే నాథుడు లేడు. ఇదీ పరిస్థితి. నేను జాలిపడే మనిషిని కాను. ల్యాబ్ తాళంచెవి ఆమె చేతికివ్వడం వరకే నా సాయం.

ఆమె చేస్తున్న పని ఏమిటో ముందు చెప్పాలి. పాలిమర్ అంటే చిన్న చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకుని తయారైన పొడుగాటి గొలుసు. ప్లాస్టిక్ బకెట్, నైలాన్ తాడు, అన్నీ అవే. ఆ చిన్న అణువును మోనోమర్ అంటాం. మామూలు పాలిమర్ దారంలాగా ఒకటే పోగు. స్టార్ పాలిమర్, అంటే నక్షత్ర పాలిమర్ అలా కాదు. మధ్యలో కోర్ అనే చిన్న ముడి ఉంటుంది, దాని నుంచి నాలుగు వైపులకూ చేతులు మొలుస్తాయి. పొలంలో చెప్పుల్లేకుండా నడిచిన వాళ్ళకు పల్లేరుకాయ తెలుసు కదా, ఎటు పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అట్లాంటి ఆకారం. సుగుణ కోర్‌గా వాడింది పెంటాఎరిత్రిటాల్ అనే తెల్లటి పొడి. దానికి నాలుగు కొసలుంటాయి. సీరియం లవణం ఒకటి కలిపితే ఆ కొసల్లో చురుకు పుట్టి, అక్కడి నుంచి మోనోమర్ అణువులు వరసగా తగులుకుంటూ పోతాయి.

ఆ మోనోమర్ పేరు ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్. నోరు తిరగక మేం నిపా అనేవాళ్ళం. తర్వాతి కాలంలో ఆ పేరుతో ఏదో జ్వరం వచ్చిందని పేపర్లో చదివాను, దీనికీ దానికీ సంబంధం లేదు. నిపాతో చేసిన పాలిమర్‌ది ఒక వింత గుణం. చక్కెరైనా ఉప్పైనా వేడినీళ్ళలో తొందరగా కరుగుతుంది. ఇది తిరకాసు సరుకు. చల్లటి నీళ్ళలో కరుగుతుంది, నీళ్ళు కాస్త వెచ్చబడగానే విడిపోయి తెల్లగా పైకి తేలుతుంది. చల్లగా ఉన్నంతసేపు దాని చేతులు నీళ్ళను పట్టుకుని ఉంటాయి. వేడి తగిలితే నీళ్ళను వదిలేసి ఒకదానినొకటి పట్టుకుంటాయి. అలా తెల్లబడే వేడిని క్లౌడ్ పాయింట్ అంటారు. దీనికది ముప్ఫై రెండు డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. ఒకటే పోగుగా ఉన్న పాలిమర్, నక్షత్రంలా ఉన్న పాలిమర్, రెండూ ఒకే వేడికి తెల్లబడతాయా, తేడా ఉంటుందా అన్నది సుగుణ ప్రశ్న.

"గిదెందుకమ్మా, దీనితోని ఏమొస్తది?" అని అడిగాను ఒకసారి.

"మందు దీంట్ల పెట్టి లోపటికి పంపుతే, ఒంటి వేడికి ముడుసుకొని మందును మెల్లగ వదుల్తది సార్. బయటి దేశాలల్ల చూస్తున్నరు."

"మన దగ్గర?"

"మన దగ్గర నేను చూస్తున్న" అంది.

అసలు చిక్కు ఊరితోనే వచ్చింది. ముప్ఫై రెండు డిగ్రీలు మే నెలలో మంచిర్యాలలో ఎక్కడ దొరుకుతాయి? తెల్లవారుజామున కూడా ల్యాబ్ అంతకంటే వెచ్చగానే ఉండేది. ఆమె మొదటిసారి చేసిన ద్రావణం పరీక్షనాళికలో మజ్జిగలా ఉంది. నేను చూసి, పాడైపోయింది పారబొయ్యమన్నాను. పోశం అక్కడే ఉన్నాడు, తానూ తల ఊపాడు. సుగుణ ఆ నాళికను తీసుకుపోయి, వరండాలో ఉన్న మా రంజన్‌లోకి దారం కట్టి దించింది. రంజన్ అంటే మా వైపు ఎండాకాలంలో తాగేనీళ్ళు పోసుకునే పెద్ద మట్టికుండ. తడి ఇసుక మీద కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ కడతాం. వడగాలి ఎంత కొడితే అందులో నీళ్ళు అంత చల్లబడతాయి. కాసేపాగి నాళికను పైకి తీసింది. అద్దంలా తేటగా ఉంది. పోశం వంగి వంగి చూశాడు.

"సాఫ్ అయింది సార్" అన్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. తాగే రంజన్‌లో పరీక్షనాళికలు ముంచడమేమిటని ఇద్దరినీ కేకలేశాను. జువాలజీ వాళ్ళ ఫ్రిజ్ వాడుకోవచ్చు కదా అంటే, అందులో కప్పలున్నాయి, అదీ కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. చివరికి పోశం ఇంకో రంజన్ తెచ్చి ల్యాబ్ మూలన కూర్చోబెట్టాడు. దాని మీద ఎర్ర పెయింటుతో 'తాగరాదు' అని రాయించాను. సుగుణ రియాక్షన్ ఫ్లాస్కు కూడా అందులోనే ముంచి పెట్టేది. పాలిమర్ చేతులు పెరుగుతున్నంతసేపు నీళ్ళు చల్లగా ఉండాలి, లేకపోతే సగంలోనే ముడుచుకుని ఉండకడతాయి. లోపలికి గాలి చొరకుండా నైట్రోజన్ పంపాలి. దానికో సిలిండర్ సంపాదించింది, ఎక్కడిదని నేను అడగలేదు. పోశం పొద్దున్నే వచ్చి రంజన్ గుడ్డ తడిపేవాడు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఫ్లాస్కు చుట్టూ నీళ్ళు సర్దేవాడు.

తయారైన సరుకును కడగడం చివరి పని. మిగిలిపోయిన మోనోమర్, సీరియం లవణం పోవాలంటే కడగాలి. ద్రావణాన్ని కిటికీలో ఎండకు పెడితే పాలిమర్ తెల్లగా విరిగేది. దాన్ని పలుచని గుడ్డలో పోసి వడకట్టి, మీద నుంచి నల్లా నీళ్ళు, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ పోస్తే మురికి కిందికి దిగి, ముద్ద గుడ్డలో మిగిలేది. డిస్టిల్డ్ వాటర్ సీసాలు కూడా ఆ కిటికీలోనే ఉండేవి. అంటే రెండు నీళ్ళూ కాగే ఉండేవి. కాబట్టి వేడినీళ్ళతో కడగాలన్న మాట ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. 'నీళ్ళతోని కడుగుండ్రి' అని సుగుణ అనేది, పోశం కడిగేవాడు, సరిగ్గానే అయ్యేది.

ఆ నెలాఖరుకు హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్ వాళ్ళు సుగుణ సరుకును పరీక్షించడానికి ఒప్పుకున్నారు. వెలుతురు దాని మీద పడి ఎలా చెదురుతుందో కొలిచి, అణువు ఎంత బరువుందో, అది నిజంగా నక్షత్రమో కాదో చెప్పే యంత్రం వాళ్ళ దగ్గరే ఉంది. ఒక రోజు ఇచ్చారు. అది తప్పితే వానాకాలం దాటేదాకా యంత్రం ఖాళీ లేదన్నారు. విదేశం నుంచి తెప్పించిన నిపా సీసాలో మిగిలినదంతా పోసి సుగుణ చివరి బ్యాచ్ చేసింది. సీసా అడుగు కూడా కడిగి పోసింది. మళ్ళీ చేద్దామంటే మోనోమర్ లేదు.

బండి ఎక్కేది మర్నాడు. ఆ మధ్యాహ్నం సుగుణ గుడ్డలో ముద్దను నల్లా నీళ్ళతో తానే కడిగింది. తర్వాత పోశంతో, "పోశన్నా, ఇగ డిస్టిల్డ్ వాటర్‌తోని రెండుమూడు సార్లు కడుగుండ్రి, నేను గైడ్ సారుకు ఫోన్ చేసొస్త" అని ఎస్టీడీ బూత్‌కు పోయింది. నేను స్టోర్ గదిలో ఆసిడ్ సీసాలకు లేబుళ్ళు అంటిస్తున్నాను.

కొంతసేపటికి పోశం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, జర ఇటు రాండ్రి. మేడం సామాను మంచిగ కడిగిన. మురికంత దిగింది గని, ఇప్పుడు గుడ్డల ఏం కనబడ్తలేదు."

పోయి చూశాను. గరాటులో తడిగుడ్డ ఒక్కటే ఉంది. వేలితో తడిమితే కాస్త జారుడుగా తగిలింది. అంతే.

"ఏ నీళ్ళతోని కడిగినవ్?"

"సీసా నీళ్ళే సార్. కిటికీల కాడియి సలసల మసులుతయని పొద్దుగాల్నే రెండు పెద్ద సీసాలు రంజన్‌ల పెట్టిన."

"పెట్టుమని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. మేడం దాన్ని ఎప్పటికి సల్లగనే ఉంచుతది కద. సల్లగుంటె సాఫ్ అయితది, ఉడుకు తాకితె పాలు ఇరిగినట్టు ఖరాబైతది. గందుకే సల్లటి నీళ్ళు పోసిన. పోస్తుంటె తగ్గుకుంట వచ్చింది. మురికి పోతుంది, మంచిదే అనుకున్న. పోయి పోయి మొత్తం పోయింది సార్."

తిడదామంటే ఎక్కడ తప్పుపట్టాలో తెలియలేదు. కళ్ళతో చూసిన దాని ప్రకారం చేశాడు. తెల్లగుంటే చెడిపోయినట్టని వాడి ముందర చెప్పింది నేనే, చల్లగా ఉంటే బాగుపడుతుందని చూపించింది సుగుణ. రెండూ కలిపితే ఎవడైనా చల్లటి నీళ్ళే పోస్తాడు. అయినా కోపం కోపమే. "నీకెందుకయ్యా గీ తెలివి" అని గట్టిగానే అన్నాను. పోశం తలవంచుకుని నిలబడ్డాడు.

సుగుణ నవ్వుకుంటూ వచ్చింది, గైడ్ ఏదో మెచ్చుకున్నట్టున్నాడు. పోశం చెప్పాడు, నన్ను చెప్పనివ్వలేదు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని ఖాళీ గుడ్డను చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది, ఏడ్చేవాళ్ళను ఓదార్చడం నాకు రాదు. ఆమె ఏడవలేదు. కాసేపటికి, "కడిగిన నీళ్ళేవి?" అని అడిగింది.

"గోలెంల పోసిన మేడం. సార్ పెట్టిన రూలే గద."

ఆ రూలు గురించి చెప్పాలి. మాకు నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ఆసిడ్ కలవని కడుగునీళ్ళేవీ తూములో పోయకూడదని, వెనక ఉన్న గోలెంలో, అంటే మట్టితొట్టిలో పోయాలని నేను పట్టుబట్టేవాణ్ణి. వాకిట్లో చల్లడానికి, కిటికీల గోనెపట్టాలు తడపడానికి అవే వాడేవాళ్ళం. ఇందుకు స్టాఫ్ రూంలో నాకు పీనాసి అని పేరు. ఉంటే ఉంది.

"గోలెం నిండ పాత నీళ్ళున్నయా?"

"లేవు మేడం. పొద్దుగాల వాకిట్ల చల్లంగనే అడుగంటింది. గిప్పుడు పోసినయే ఉన్నయి. గని ఒక బకెటు తీసుకపోయిన."

"ఏడికి?"

"పెద్దసారు కిటికి గోనెలకు." పెద్దసారంటే మా ప్రిన్సిపాల్.

ముగ్గురం వెనక్కి పోయాం. నీడన ఉన్న గోలెంలో అడుగున నీళ్ళున్నాయి, తేటగా, మామూలు నీళ్ళలాగే. చెయ్యి పెట్టినా ఏమీ తెలియలేదు. ఇన్ని నీళ్ళలో ఆ పిడికెడు సరుకు ఏ మూలకని నేను ఆశ వదులుకున్నాను, ఆ మాట పైకి కూడా అన్నాను. సుగుణ నా మాట చెవిన పెట్టలేదు. "ఎండకు పెడ్దాం" అంది. హాస్టల్ వంటింట్లో వెడల్పు డేగిసాలుంటాయని పోశం ఉరికాడు. అన్నం వండే అల్యూమినియం డేగిసాలు రెండు తెచ్చి ఇసుకతో తోమాడు. గోలెంలోని నీళ్ళన్నీ చెంబుతో తోడి వాటిలో పోసి, వాకిలి మధ్యలో ఎండలో పెట్టాం.

అప్పటికి పొద్దు కొంచెం వాలింది గానీ ఎండ తీవ్రత తగ్గలేదు. నేనూ సుగుణా వరండాలో నిలబడ్డాం. పోశం తువ్వాల తలకు చుట్టుకుని డేగిసాల పక్కనే గొంతుక్కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఆ ఎండలో అలా కూర్చుంటే పడిపోతాడని కోపంగా చెప్పాను, అయినా కదల్లేదు. సుగుణ పైట కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. గడియారం చూసుకుందామనిపించి, చూస్తే ఆమె కంగారుపడుతుందని చూడలేదు.

"మేడం, అంచుకు ఏందో మసకొస్తుంది" అన్నాడు పోశం.

పోయి చూశాం. అల్యూమినియం గిన్నె అంచు వెంబడి, లోహం కాగిన చోట, నీళ్ళు మసకబారుతున్నాయి. ఆ మసక మెల్లగా లోపలికి పాకింది. చూస్తుండగానే డేగిసా మొత్తం బియ్యం కడిగిన నీళ్ళలా అయింది. కానీ ముద్ద కట్టలేదు. సుగుణ వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి వేసి కర్రతో కలిపింది. ఉప్పు పడితే నీళ్ళు ఇటువంటి సరుకును ఇంకా తొందరగా వదిలేస్తాయి. తెల్లటి పీచులు విడివిడిగా తేలి, ఒకదాన్నొకటి పట్టుకుని, కర్రకు చుట్టుకోవడం మొదలుపెట్టాయి. సుగుణ కర్రను పైకెత్తి చూసింది. అప్పుడు ఏడ్చింది. నేను అటు తిరిగి నిలబడ్డాను. నా కళ్ళలో కూడా నీళ్ళు వచ్చాయి, ఎండ వల్ల అని చెప్పుకోవడానికి వీలుగా ఎండ ఉంది.

కర్రకు చుట్టుకున్నది అలాగే పంపడానికి లేదు, అందులో గోలెం దుమ్ము, వంటింటి ఉప్పు ఉన్నాయి. ఆమె దాన్ని మళ్ళీ రంజన్ చల్లదనంలో కరిగించి, మడ్డిని వడకట్టి, మళ్ళీ వేడికి విరగ్గొట్టి, మరిగించిన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగింది. అదంతా ఇంకోసారి చేసింది. చివరికి చేతికి వచ్చింది ముందున్న దానికంటే బాగా తక్కువ, పరీక్షకు మాత్రం సరిపోతుంది. గైడ్‌కు ఫోన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పింది. గోలెం సంగతి కూడా దాచలేదు. ఆయన కాసేపు నవ్వి, శుభ్రంగా ఉంటే తీసుకురమ్మన్నాడట. మర్నాడు బండెక్కింది.

పెద్దసారు కిటికీకి పోసిన బకెట్ సంగతి కూడా తేలింది. రెండురోజుల తర్వాత ప్రిన్సిపాల్ పోశాన్ని పిలిచి, "గోనెలకు గంజి ఎందుకు పెట్టినవయ్యా, అట్టలెక్క అయినయి" అని అడిగాడు. పోశం నా దిక్కు చూశాడు. నేను ఫైలులో తల దూర్చాను.

హైదరాబాద్ నుంచి కబురు మంచిదే వచ్చింది. సరుకు నక్షత్రమేనని తేలింది. అన్నిటికీ నాలుగు చేతులూ సమానంగా మొలవలేదు గానీ, ఒంటిపోగు మాత్రం కాదు. ఒంటిపోగు కంటే కాస్త ముందే తెల్లబడుతుందని కూడా చూపించగలిగింది. ఇక థీసిస్ రాయడమే మిగిలింది. అందుకోసం యూనివర్సిటీకి పోతూ, మిగిలిన చిటికెడు సరుకును నీళ్ళతో సహా ఒక గాజునాళికలో పోసి, మంట మీద మూతి కరిగించి మూసి, ల్యాబ్ కిటికీలో నిలబెట్టి పోయింది. ఎండకు అది ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

పోశం మాత్రం మారిపోయాడు. కబురు చెప్పాను, మేడం పని అయిందని చెప్పాను. తల ఊపేవాడు. బల్లలు తుడిచేవాడు గానీ ఆ కిటికీ జోలికి పోయేవాడు కాదు, అక్కడ దుమ్ము అలాగే పేరుకుంది. ఒకరోజు, "నన్ను లైబ్రరీకి మార్చుండ్రి సార్. గీ సీసాల కాడ నాతోని కాదు. మీరు ఎంత మంచిగ చెప్పినా, నా చేతుల పోయింది పోయినట్టే ఉంది" అన్నాడు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడతానన్నాను. నాకు ఇంకో అటెండర్‌కు పని నేర్పే ఓపిక లేదు, అందుకని మాట్లాడకుండా రోజులు దొర్లించాను.

జూన్‌లో మొదటి వాన రాత్రంతా కురిసింది. పొద్దున నేను వెళ్ళేసరికి పోశం ల్యాబ్ బయట నిలబడి ఉన్నాడు, లోపలికి అడుగుపెట్టలేదు.

"సార్, నేను ముట్టలే. ఒట్టు. మేడం సీసల ఏం లేదు. మల్ల పోయింది."

కిటికీ దగ్గరికి పోయాను. గాలి చల్లగా కొడుతోంది. నాళికలో నీళ్ళు తేటగా ఉన్నాయి, అవతల తడిసిన వాకిలి కనిపిస్తోంది. దాన్ని తీసి పోశం అరచేతిలో పెట్టి పిడికిలి మూయించాను. కాసేపు అలాగే పట్టుకోమన్నాను. బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

తెరవమంటే తెరిచాడు. నాళిక మధ్యలో, వేళ్ళు తగిలిన చోట, పాలచుక్క వేసినట్టు తెల్లగా ఉంది. పోశం దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. పిడికిలి మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా ల్యాబ్‌లో ఏ పద్ధతి రాసినా, నీళ్ళు అన్న మాట పక్కన ఎంత వేడివో రాయించాను. మన ఊరు మనకు చేసిపెట్టే పనిని మనం పద్ధతిలో రాసుకోం, ఊరు మారినా మనిషి మారినా అక్కడే దెబ్బతింటాం. పిల్లలకు ఇదే చెప్పేవాణ్ణి. సుగుణ థీసిస్‌లోనూ కడగడం దగ్గర ఆ మాట ఉంది, గడువు లోపలే ఇచ్చింది, పోస్టూ వచ్చింది. పోశం లైబ్రరీకి పోలేదు. ఆ పొద్దున వాడు నాళికను కిటికీలో జాగ్రత్తగా నిలబెట్టి, చుట్టూ ఉన్న దుమ్మును తువ్వాలతో తుడిచి, నాతో కాదు, తనతో తాను అనుకున్నట్టు అన్నాడు:

"ఏడికి పోలే. ఈడనే ఉంది."